మెడ తిప్పే ఫ్యాను

ఏప్రిల్ 11, 1984

అక్క నిన్న పొద్దున బావిగట్టు మీద జారి పడింది. తుంటి ఎముక విరిగిందన్నారు. సర్కారు దవాఖానలో ఆడవాళ్ల వార్డులో చేర్పించాను. కాలికి తాడు కట్టి, తాడు చివర ఇసుక సంచి వేలాడదీశారు. ఎముక కూడేదాకా అంతేనట. లేవకూడదు, ఒత్తిగిలకూడదు.

ప్రైవేటు నర్సింగ్ హోముకు పోదామంది నిర్మల. "మీరు పని పట్టిన దవాఖాన అని అక్కను ఆడనే ఏస్తున్నరా?" అని కూడా అంది. నా భార్య మాట చేట లాంటిది. చెరిగి చెరిగి పొట్టంతా నా మొహాన కొడుతుంది.

ఎముకల డాక్టరు అక్కడే మంచివాడు. పైగా ఆ వార్డులో నా పనే నడుస్తోంది. పాత కూలర్లన్నీ తీసేసి, మిద్దె మీద పెద్ద కూలింగ్ ప్లాంటు పెట్టి, రేకు గొట్టాల్లోంచి వార్డంతా చల్లగాలి వదలాలి. సర్కారు టెండరు. హన్మకొండ చౌరస్తాలో ఫ్యాన్లూ మోటార్లూ అమ్ముకునే పాండురంగానికి ఇంత పెద్ద పని రావడం ఇదే మొదలు. మే నెలకల్లా వార్డు చల్లబడుతుంది. జిల్లా మొత్తం వెతికినా అక్కకు అంతకంటే చల్లటి మంచం దొరకదు. నిర్మలకు ఇదే చెప్పాను.

ఏప్రిల్ 14

అక్క పక్క మంచం మీద కట్టమ్మ అని ములుగు దిక్కు మనిషి. ఇప్పపువ్వు ఏరబోయి రాళ్ల మీద పడిందట. తొడ దాకా పిండికట్టు. అక్క వయసే ఉంటుంది, మనిషి మాత్రం ఎండిన చింతబరిగె.

అక్క నన్ను దగ్గరికి పిలిచి గుసగుసలాడింది. "తమ్మీ, నా మంచం జర అవుతలికి జరుపుమను. నా మంచినీళ్ల చెంబుకు ఆమె చెయ్యి తగులుతాంది."

ఇసుక సంచి కట్టిన మంచం జరపరాదన్నారు. అక్క చెంబును అటు పక్కకు మార్పించుకుంది. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. ఆమె మడి నాకు కొత్త కాదు.

ఏప్రిల్ 20

పాత కూలర్లు దింపాం. అవి ఉన్న కిటికీలకు చెక్కలు కొట్టాం. లేకపోతే రేపు మనం వదిలే చల్లగాలి మొత్తం వీధిలోకే పోతుంది. గొట్టాలకు అడ్డం వస్తున్నాయని సీలింగ్ ఫ్యాన్లు కూడా తీయాల్సి వచ్చింది.

దవాఖాన పెద్ద డాక్టరమ్మ వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది. "పాండురంగం గారూ, ఇది వార్డా, ఇటుకబట్టీనా?" అంది. పది, పన్నెండు రోజులు ఓర్చుకోమన్నాను. పెండ్లి చేసి చూడు, ఇల్లు కట్టి చూడు అంటారు. సర్కారు పని పట్టి చూడు అని కూడా కలపాలి.

ఏప్రిల్ 27

కట్టమ్మ దగ్గర తాటాకు విసనకర్ర ఉంది. కాలు కట్టేసి ఉన్నా చేతులు ఆడతాయి కదా, తనకు రెండుసార్లు విసురుకుంటే అక్కకు నాలుగుసార్లు విసురుతోంది. నేను పోయేసరికి అక్క ఆమె చేతి గ్లాసుతోనే నీళ్లు తాగుతోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నవ్వొచ్చింది.

"ఏందక్కా, చెంబు ఏడ పాయె?"

"నీ గొట్టాల పని నువ్వు చూసుకోరాదురా" అంది.

మే 1

పని పూర్తయింది. మిద్దె మీద మోటారు ఒక్క క్షణం తిప్పి చూశాం. నీళ్లు వదలలేదు. వట్టివేరు తడికెలు ఇంకా పొడిగానే ఉన్నాయి. కాబట్టి అది షురూ చేసినట్టు కాదు.

మే 4న మంత్రిగారు వచ్చి స్విచ్ వేస్తారట.

మే 4

మంత్రిగారు రాలేదు. తేదీ తర్వాత చెబుతారట. శామియానా విప్పారు. మంత్రికని తెచ్చిన దండలోని పూలు తెంపి వార్డులో ఆడవాళ్లందరూ కొప్పుల్లో పెట్టుకున్నారు. కట్టమ్మ కూడా పెట్టుకుంది. అక్కకు ఇవ్వబోయి, ఆమె బోసి నుదురు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్కే ఆ పువ్వు అందుకుని దిండు పక్కన పెట్టుకుంది.

మే 7

డాక్టరమ్మ అడిగింది, మంత్రి సంగతి తర్వాత, ముందు మిషను నడపండి అని. నేను ఇంజనీరు కిషన్ రావును అడిగాను. ఈ పనికి బిల్లు రాయాల్సింది ఆయనే.

"మంత్రి ఒత్తకముందే అది నడుస్తే ఇగ ఆయనొచ్చి ఏం ఒత్తాలె సేటూ? నా నౌకరి ఒత్తుతడు" అన్నాడు.

నేనేం చేసేది? నా చేతిలో లేదు.

మే 9

ఈరోజు నుంచి శుక్ర మూఢం. మా ఇంట్లో మూఢంలో కొత్త చెప్పులు కూడా తొడగం.

మిషను సంగతి అక్కకు చెబితే ఆమె కూడా అదే అంది. "మంత్రి ఎప్పుడన్న రానియ్యి. నువ్వు మాత్రం మూఢంల నీ చేతుల మీద షురూ చెయ్యకురా. నాయిన మూఢంల మట్టెవాడల రెండో దుకాణం తెరిచిండు. ఏమైంది? దుకాణం పాయె, నాయిన పాయె." చెమటకు ఆమె రవిక ఒంటికి అతుక్కుపోయి ఉంది. అయినా అదే మాట.

కట్టమ్మ విసురుతూ వింటోంది. "మా దిక్కు మూఢం గీఢం లేదక్కా. ఆకలైతె ఒండుకుంటం" అంది.

మే 12

దుకాణం నుంచి టేబుల్ ఫ్యాను తీసుకుపోయి అక్క తలాపున స్టూలు మీద పెట్టాను. కొత్తది, నీలం రంగు. మెడ తిప్పుతుంది. వెనకాల చిన్న మర ఉంటుంది. కిందికి నొక్కితే మెడ అటూ ఇటూ తిరుగుతుంది, పైకి లాగితే ఒకే దిక్కు ఆగుతుంది. నొక్కి పెట్టాను. అక్కకు కొంత, కట్టమ్మకు కొంత.

కట్టమ్మ విసనకర్ర దిండు కింద పెట్టేసింది. గాలి తన వైపు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుంటోంది, పోగానే తెరుస్తోంది. చిన్నపిల్ల దాగుడుమూతలాడినట్టు ఉంది. అక్క అది చూసి పకపకా నవ్వింది. కాలు విరిగాక నవ్వడం ఇదే.

మిగతా మంచాల వాళ్లు ఇటే చూస్తున్నారు. అందరికీ ఫ్యాన్లు నేనెక్కడి నుంచి తేను?

మే 15

కట్టమ్మ కొడుకు మొగిలి వచ్చాడు. తునికాకు కోత మొదలైంది, కల్లం కాడ మనుషులు తక్కువున్నారు, పోక తప్పదన్నాడు. తల్లిని మా అక్కకు అప్పజెప్పాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నేనున్న గదా" అంది అక్క. కదలలేని మనిషి.

కట్టమ్మ నన్ను చూపించి కొడుకుతో అంది. "గీ సేటే ఫ్యాను తెచ్చిండు. ఆళ్ల అక్కకే కాదు, నాకు గూడ కొడుతాంది గాలి." మొగిలి నా కాళ్లకు మొక్కబోయాడు. వద్దన్నాను. వద్దన్నా నాకు బాగానే అనిపించింది, దాచడమెందుకు.

మే 18

కిషన్ రావు దుకాణానికే వచ్చాడు. మంత్రి తేదీ జూన్‌కు పోయిందట. డాక్టరమ్మ పైకి ఫోన్లు చేస్తోందట.

"ట్రయల్ పేరు మీద నడుపుకో సేటూ. నేను చూడలే, నువ్వు చెప్పలే. మంత్రి వచ్చిన పొద్దు బంద్ చేసి మళ్ల ఆయనతోని ఏపిద్దాం."

రాసివ్వమన్నాను. రాసివ్వనన్నాడు. నోటిమాట మీద ఎట్లా నడిపేది? రేపు మోటారు కాలితే నా మీదే పడుతుంది. రాత లేనిదే ముట్టనని తేల్చి చెప్పాను.

అన్నం దగ్గర నిర్మల అంది. "రాత గాదు, మూఢమని చెప్పరాదా?"

"రాత కూడా" అన్నాను.

"మోటరు తిప్పి చూస్తిరి గదా మూఢానికి ముందే. షురూ అయినట్టు కాదా?"

నీళ్లు వదలలేదని చెప్పాను. నా కంచంలో మజ్జిగ పోసి లేచి లోపలికి పోయింది.

మే 20

డాక్టరమ్మ మళ్లీ పిలిపించింది. పోలేదు. రాత కోసం చూస్తున్నానని కబురు పంపాను.

మే 22

ఇంత ఎండ నేను పుట్టాక చూడలేదు. చౌరస్తాలో మధ్యాహ్నం కుక్క కూడా లేదు.

మజ్జిగ తీసుకుని వార్డుకు పోయాను. వోల్టేజి పడిపోయింది. ఫ్యాను ఈసురోమంటూ తిరుగుతోంది. అక్క మొహం కందగడ్డలా ఉంది. నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తోంది. గాలి ఆమె మీదికి వచ్చినట్టే వచ్చి పక్కకు పోతోంది. మళ్లీ వచ్చేసరికి ఎంతసేపో పడుతోంది.

ఫ్యాను మెడ తిరిగినప్పుడల్లా కిర్రుమని చప్పుడు చేస్తోంది. ఆ చప్పుడుకు అక్కకు కునుకు పట్టడం లేదు. మెడ అక్క వైపు వచ్చినప్పుడు మర పైకి లాగాను.

అక్క కాసేపటికి నిద్రపోయింది. కట్టమ్మ కూడా నిద్రలోనే ఉన్నట్టుంది. కళ్లు మూసుకునే ఉంది.

మే 23

అక్క అడిగింది. "ఫ్యాను మెడ తిరుగుతలేదురా. సిస్టరమ్మకు చెప్తె, కరెంటు సామాను ముట్టనన్నది. జర చూడు."

గేరు అరిగినట్టుంది, దుకాణం మనిషిని పంపిస్తానన్నాను.

"ఉండనియ్యి సేటూ. మీ అక్కకన్న ఒస్తాంది గదా" అంది కట్టమ్మ. విసనకర్ర బయటికి తీసింది. తనకే విసురుకుంది. కాసేపే.

మే 24

ఎండ. దుకాణం మనిషి ఖాళీగా లేడు. ఫ్యాన్లు బాగా అమ్ముడుపోతున్నాయి.

మే 25

రోహిణి కార్తె వచ్చింది. రోహిణికి రోళ్లు పగులుతాయంటారు. కట్టమ్మ సరిగా మాట్లాడటం లేదని అక్క అంది. సిస్టరమ్మ తడిగుడ్డ వేసి పోయింది. ఆ గుడ్డ నేనుండగానే ఆరిపోయింది.

మర దాకా చెయ్యి పోయింది. అప్పుడే అక్క నీళ్లడిగింది. నీళ్లిచ్చాను. తర్వాత దుకాణానికి ఆలస్యమవుతోందని వచ్చేశాను.

రేపు నొక్కుతాను. రేపు వోల్టేజి బాగుంటుంది.

మే 26

కట్టమ్మ పోయింది.

మే 27

నిన్న నేను మధ్యాహ్నం పోయేసరికి ఆమె మొహం మీద దుప్పటి కప్పి ఉంది. ఒళ్లు పెనంలా కాలిందట. వడదెబ్బ అన్నారు. వార్డులో మంచం మీద పడుకున్న మనిషికి వడదెబ్బ. డాక్టరమ్మ నన్ను చూసి ఇంకో మంచం దగ్గరికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఫ్యాను మెడ అటూ ఇటూ తిరుగుతోంది. అక్కకు కొంత, దుప్పటికి కొంత.

అక్క నా వైపు చూడకుండానే మాట్లాడింది. "గేరు అరిగిందంటివి. పొద్దున సిస్టరమ్మ కాళ్లు పట్టుకున్నంత పని చేస్తె, వచ్చి మర నొక్కింది. తిరిగింది. అప్పటికే ఆమె కండ్లు తేలేసింది."

"సప్పుడైతాందని లాగిన అక్కా. నీకు నిద్ర పడతలేదని."

"ఏం సప్పుడురా? నేనైతె ఇనలే."

చెవి పెట్టి విన్నాను. వార్డులో ఎవరో మూలుగుతున్నారు. ఇంకేదీ వినిపించలేదు.

"పో. పోయి నీ మిషను షురూ చెయ్యి" అంది అక్క.

"మూఢం..."

"ఆ మాట నేనే అంటి. ఆ పాపంల నాకు గూడ సగం ఉన్నది. నువ్వు పో."

మిద్దెక్కాను. రేకులు కాలిపోతున్నాయి. కొబ్బరికాయ లేదు, కుంకుమ లేదు, రాత లేదు. తడికెల మీద నీళ్లు వదిలి స్విచ్ వేశాను. ఒక్క స్విచ్. మోటారు కాలలేదు, ఏదీ పగలలేదు. ఇన్నాళ్లూ నేను భయపడింది దీనికే.

కిందికి వచ్చేసరికి వార్డంతా వట్టివేరు వాసన. ఆడవాళ్లు మంచాల మీద లేచి కూర్చుని గొట్టాల కింద మొహాలు పెడుతున్నారు. ఒకామె చేతులెత్తి దండం పెట్టింది. అందరూ నన్నే చూస్తున్నారు. నాకేమీ అనిపించలేదు. చల్లగా ఉందని కూడా అనిపించలేదు.

పొద్దుగూకే వేళకు మొగిలి జీపు మాట్లాడుకుని వచ్చాడు. తల్లిని చూశాడు, ఏడ్చాడు, ఆగాడు. పైకి చూశాడు.

"మంచిగున్నది సేటూ గాలి. మా అవ్వకు నసీబు లేకపాయె." తర్వాత ఫ్యాను వైపు చూశాడు. "అయినా నీ ఫ్యానన్న గాలి కొట్టింది ఆఖరు దాంక. నీ రుణం ఎట్ల తీర్చుకోను?"

అక్క చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. నేనైనా చెబుతాననుకున్నాను. జీపు డ్రైవరు హారను కొట్టాడు. అందరం కలిసి ఆమెను మోసుకుపోయాం. కాలికి ఆ పిండికట్టు, చాలా బరువుంది.

మే 31

దుకాణం. అన్నం. నిద్ర.

నిర్మల ఏమీ అడగడం లేదు. చేట కూడా మూల పెట్టేసింది.

జూన్ 9

మిరుగు కార్తె వచ్చింది. పొద్దున ఒక జల్లు పడింది. మంత్రిగారు కూడా ఈరోజే వచ్చారు.

కిషన్ రావు చెప్పినట్టే పొద్దున్నుంచి ప్లాంటు బంద్ చేశాం. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించి స్విచ్ వేశారు. గాలి వచ్చింది. చప్పట్లు. నాకు దండ వేశారు. ఇంత త్వరగా పని పూర్తి చేసిన కాంట్రాక్టరు అని నా పేరు మైకులో చదివారు. డాక్టరమ్మ చప్పట్లు కొట్టలేదు, నేల చూస్తోంది.

దండ అక్క దగ్గరికి తీసుకుపోయాను. అక్క దాన్ని పక్క మంచం మీద పెట్టమంది. ఆ మంచం మీద ఇప్పుడు వర్ధన్నపేట నుంచి వచ్చిన ఎవరో చిన్నపిల్ల ఉంది, కడుపునొప్పట. ఆ పిల్ల సంతోషపడింది.

జూన్ 21

అక్కను ఇంటికి తెచ్చాం. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. ఫ్యాను గదిలో పెట్టబోతే వద్దంది. కోపంగా కాదు. మామూలుగానే వద్దంది.

ఆమె మూటలోంచి తాటాకు విసనకర్ర బయటపడింది. అంచుకు ఎర్రగుడ్డ కుట్టి ఉంది. పైన సీలింగ్ ఫ్యాను తిరుగుతుండగానే అక్క దానితోనే విసురుకుంటూ పడుకుంది. రెండుసార్లు తన వైపు. తర్వాత నాలుగుసార్లు పక్కకు, ఎవరూ లేని వైపు.

నేను గడప దగ్గరే నిలబడ్డాను. "అక్కా" అన్నాను. "అన్నం తిన్నవా?" అంది. తిన్నానన్నాను. ఇంతకు ముందు అంతకంటే ఎక్కువ మాట్లాడుకున్న అక్కాతమ్ముళ్లమే మేము.

జూన్ 26

నీలం ఫ్యాను దుకాణంలోనే ఉంది. తుడిచి ముందు వరుసలో పెట్టించాను. అమ్ముడుపోతే బాగుండు.

మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చాడు. కోడలు బాలింతట, పురిటి గదిలో ఉక్కపోస్తోందట. అన్నీ చూసి దీని దగ్గరే ఆగాడు.

"గిది మెడ తిప్పుతదా సేటూ?"

"తిప్పుతది."

"తిప్పుతె సప్పుడు జేస్తదా? పసిపోరడు లేస్తడు."

ప్లగ్గు పెట్టి మర నొక్కాను. మెడ తిరిగింది. అతని వైపు, నా వైపు, మళ్లీ అతని వైపు. ముసలాయన తల వంచి చెవి దగ్గర పెట్టి విన్నాడు. నేను కూడా విన్నాను. చాలాసేపు విన్నాను.

"చెయ్యది" అన్నాను.